మూడేళ్ళుగా కదలని కూడలి పనులు: ఫైలు ఎక్కడ ఆగిందో ఎలా పట్టుకోవాలి?

వంతెన వీధి (ప్రశ్న; ఇదీ, కింద జవాబులిచ్చినవారివీ మారుపేర్లే)

అందరికీ నమస్కారం. ఒడిశాలో, ఆంధ్రా సరిహద్దుకి దగ్గరగా ఉన్న ఒక మున్సిపాలిటీ మాది. ఊరి పేరు రాయడం లేదు. పని జరగడమే మాకు కావాలి.

స్థలం ఇలా ఉంటుంది. 7 మీటర్ల మెయిన్ రోడ్డు, దాని మీదకి 5.5 మీటర్ల సంత రోడ్డు వచ్చి కలుస్తుంది. మూడు దారుల కూడలి. కలిసే మూల మీదే ఆటో స్టాండు. దాని పక్కనే కరెంటు స్తంభం, తారు అంచుకి అర మీటరు దూరంలో. సంత రోడ్డులో 120 మీటర్లు వెళ్తే బడి. గురువారం సంత. ఆ రోజు కూరగాయల బుట్టలు తారు అంచు దాకా వచ్చేస్తాయి, బడి పిల్లలు ఆటోల సందుల్లోంచి దూరి రోడ్డు దాటుతారు. అటు నుంచి వచ్చే బస్సు వాళ్ళకి కనపడదు, వాళ్ళు బస్సుకి కనపడరు.

మూడేళ్ళ కిందట కౌన్సిల్ తీర్మానం చేసింది: స్పీడ్ బ్రేకర్లు రెండు, జీబ్రా క్రాసింగు, ఒక పక్క ఫుట్‌పాత్, ఆటో స్టాండు మార్పు, కూడలికి సిగ్నలు. అప్పటి నుంచి వినిపించిన జవాబులు: ఎస్టిమేటు పంపాం, నిధులు రాలేదు, ఆ రోడ్డు మాది కాదు, స్తంభం తీయాలి, వానలు తగ్గాక చూద్దాం. వార్డు తరఫున పిటిషన్లు మూడు వెళ్ళాయి. ఒక్కదానికీ కాగితం మీద జవాబు లేదు.

పని ఏ మెట్టు దగ్గర ఆగిందో ఎలా తెలుసుకోవాలి? ఏ కాగితాలు అడగాలి? అన్నీ ఒకేసారి కాకపోతే ముందు ఏది చేయించుకోవచ్చు? దరఖాస్తు తెలుగులో ఇవ్వవచ్చా, ఒడియాలోనే ఇవ్వాలా? తెలిసినవారు వివరంగా చెప్పండి.

కొలతల పుస్తకం

తీర్మానం అయిందంటే పని మంజూరైనట్టు కాదండీ. మూడేళ్ళ కోపంలో సగం ఈ ఒక్క అపోహ వల్లే. తీర్మానం తరవాత జూనియర్ ఇంజనీరు కొలతలు తీసి ఎస్టిమేటు వేయాలి. దానికి పరిపాలనా ఆమోదం కావాలి, అంటే డబ్బు ఏ పద్దు నుంచి వస్తుందో రాసి సంతకం కావాలి. తరవాత సాంకేతిక మంజూరు, అంటే కొలతలు, ధరలు సరిగ్గా ఉన్నాయని పై ఇంజనీరు సంతకం. ఆ పైన టెండరు, తక్కువ కోట్ చేసినవాడి అంగీకారం, ఒప్పందం, వర్క్ ఆర్డరు. పని జరిగాక కొలతల పుస్తకంలో నమోదు, బిల్లు. "ఎస్టిమేటు పంపాం" అన్నారంటే పని ఇంకా ఎస్టిమేటు మెట్టు దగ్గరే ఉందని అర్థం. "నిధులు రాలేదు" అంటే పరిపాలనా ఆమోదం లేదు. ఈ రెండు మాటలూ విడివిడి రోగాలు, మందులు కూడా వేరు.

మధ్యలో ధరల పట్టిక మారితే పాత ఎస్టిమేటు పనికిరాదు, కొత్త ధరలతో మళ్ళీ వేయాలి. మూడేళ్ళ పాత ఎస్టిమేటు ఇప్పుడు బతికే ఉందని అనుకోకండి. అది సవరించారా లేదా అన్నది మీరు అడగవలసిన మొదటి సంగతి.

అన్నిటికంటే ముందు తేల్చుకోవలసింది రోడ్డు ఎవరిది అని. ఇటువైపు ఊళ్ళలో ఒకే కూడలిలో రెండు శాఖల రోడ్లు కలవడం మామూలు. పర్లాకిమిడి మీదుగా 326ఏ, రాయగడ మీదుగా 326, కొరాపుట్ నుంచి సాలూరు దిగే 26, ఇవన్నీ జాతీయ రహదారులు. ఊళ్ళో నుంచి వెళ్తున్నా వాటి తారు మీద మున్సిపాలిటీ చెయ్యి వేయలేదు. మిగతా పెద్ద రోడ్లలో చాలా భాగం ఆర్ అండ్ బి డివిజనువి. మీ మెయిన్ రోడ్డు వాళ్ళదై, సంత రోడ్డు మున్సిపాలిటీది అయితే, ఒకే ఎస్టిమేటులో రెండూ కలిపి పంపినందుకే అది అటూ ఇటూ తిరుగుతూ ఉండవచ్చు. మున్సిపాలిటీ దగ్గర రోడ్ల రిజిస్టరు ఉంటుంది. అందులో ఆ వీధి పేరు, పొడవు, వెడల్పు ఉన్న పేజీ నకలు తీసుకోండి. పేజీలో లేకపోతే ఆ రోడ్డు వాళ్ళది కాదు. అప్పుడు మున్సిపాలిటీ నుంచి ఆర్ అండ్ బి ఎగ్జిక్యూటివ్ ఇంజనీరుకి అభ్యంతరం లేదనే పత్రం కోసం ఉత్తరం వెళ్ళిందా అన్నదే అసలు ప్రశ్న అవుతుంది.

సిగ్నలు విషయం నిక్కచ్చిగా చెప్తాను: దాన్ని ఈ పనిలోంచి విడదీయమనండి. రోడ్ల ప్రమాణాలు రాసే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ (ఐఆర్‌సీ) వారి 93వ ప్రమాణంలో వాహనాల సంఖ్య నియమం చూస్తే, రెండు రోడ్లకీ వైపుకి ఒక్కో లేనే ఉన్న కూడలికి సిగ్నలు పెట్టాలంటే పెద్ద రోడ్డు మీద రెండు వైపులా కలిపి గంటకి 650 వాహనాలు, చిన్న రోడ్డు మీద 200, అదీ సగటున 8 గంటల పాటు ఉండాలి. సంత ఉదయం రెండు గంటల రద్దీ చూపిస్తే చాలదు. పైగా సిగ్నలుకి కరెంటు పని ఎస్టిమేటు వేరు, నిర్వహణ ఒప్పందం వేరు. ఆ రెండూ తేలేదాకా మీ జీబ్రా గీతలు కూడా ఆ ఫైల్లోనే ఉండిపోతాయి.

ఫారం ఏ

పిటిషన్లకి జవాబు రానప్పుడు దారి సమాచార హక్కు చట్టం (ఆర్టీఐ), 2005. ఒడిశాలో దానికి సొంత నియమాలు ఉన్నాయి. తెల్లకాగితం మీద రాస్తే తిప్పి పంపుతారు. ఫారం ఏ నింపాలి, గుర్తింపు కార్డు నకలు జతచేయాలి, 10 రూపాయల కోర్టు ఫీజు స్టాంపు అంటించాలి. పోస్టల్ ఆర్డరు జతచేయడం ఇక్కడ చాలామంది చేసే పొరపాటు. అది కేంద్ర కార్యాలయాలకి చెల్లుతుంది కానీ రాష్ట్ర కార్యాలయాలకి కాదు. రోడ్డు జాతీయ రహదారి అని తేలి, కేంద్ర మంత్రిత్వ శాఖను గానీ రహదారుల ప్రాధికార సంస్థను గానీ అడగవలసి వస్తే అప్పుడు పోస్టల్ ఆర్డరు, లేదా కేంద్ర ఆన్‌లైన్ పోర్టల్.

ప్రశ్న రాసే తీరులోనే సగం ఫలితం ఉంది. "మా కూడలి పని ఎందుకు ఆలస్యమైంది?" అని రాయకండి. కార్యాలయంలో కాగితంగా ఉన్నదాన్నే చట్టం ఇప్పిస్తుంది, "ఎందుకు" అన్నదానికి కాగితం ఉండదు, ఆ ఒక్క మాట పట్టుకుని తిరస్కరిస్తారు. ఇలా రాయండి:

"ఫలానా తేదీ కౌన్సిల్ తీర్మానం నకలు. ఆ పనికి వేసిన ఎస్టిమేటు, దానితో ఉన్న ప్లాను నకళ్ళు, సవరించి ఉంటే సవరించినవి కూడా. పరిపాలనా ఆమోదం, సాంకేతిక మంజూరు ఉత్తర్వుల నకళ్ళు. టెండరు పిలుపు, ఒప్పందం, వర్క్ ఆర్డరు నకళ్ళు. విద్యుత్ పంపిణీ సంస్థకి, ఆర్ అండ్ బి డివిజనుకి ఈ పని గురించి వెళ్ళిన ఉత్తరాలు, వచ్చిన జవాబులు. ఈ ఫైలు నోట్ షీట్ల నకళ్ళు, ఈనాటి వరకు."

చివరిదే ముఖ్యం. ఫైలు ఏ తేదీన ఎవరి బల్ల మీదకి వెళ్ళింది, ఎవరు ఏం రాసి పక్కన పెట్టారు అన్నది నోట్ షీటులోనే ఉంటుంది. వర్క్ ఆర్డరు లేదని జవాబు వచ్చినా అదీ మీకు పనికొచ్చే కాగితమే. ఫైలు ఎక్కడ ఆగిందో ఆ జవాబే సంతకంతో చెప్పినట్టు.

గడువు 30 రోజులు. సమాచారం వేరే శాఖ దగ్గర ఉంటే ఆ చట్టం సెక్షను 6(3) కింద 5 రోజుల్లో వాళ్ళే అక్కడికి బదిలీ చేయాలి. "మా దగ్గర లేదు, అక్కడ అడుక్కోండి" అనడం చెల్లదు. గడువు దాటినా, అసంపూర్ణంగా ఇచ్చినా 30 రోజుల్లోపు మొదటి అప్పీలు వేయాలి. ఒడిశాలో దానికి 20 రూపాయల కోర్టు ఫీజు స్టాంపు ఉంటుంది. దాని మీద 30 రోజుల్లో, మహా అయితే 45 రోజుల్లో తేల్చాలి. అప్పటికీ కాకపోతే 90 రోజుల్లోపు రాష్ట్ర సమాచార కమిషన్‌కి రెండో అప్పీలు, 25 రూపాయల స్టాంపుతో. రసీదుల తేదీలు క్యాలెండరు మీద గుర్తు పెట్టుకోండి. అప్పీలు గడువు దాటిపోతే ఆలస్యానికి కారణం చెప్పుకునే పని మళ్ళీ మీ నెత్తిన పడుతుంది.

ఇక భాష. ఆర్టీఐ దరఖాస్తు ఇంగ్లీషులో, హిందీలో, లేదా ఆ ప్రాంత అధికార భాషలో ఉండాలి. అంటే ఇక్కడ ఒడియా. తెలుగు దరఖాస్తుకి ఆ చట్టం కింద హామీ లేదు. రాయడం రానివాళ్ళు నోటితో చెప్తే దాన్ని రాతలో పెట్టడానికి సమాచార అధికారి సాయపడాలని అదే సెక్షను 6లో ఉంది. మామూలు అర్జీ సంగతి వేరు. రాజ్యాంగం 350వ అధికరణం ప్రకారం రాష్ట్రంలో వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా ఏ అధికారికైనా విన్నపం ఇచ్చుకోవచ్చు. తెలుగులో ఇచ్చే హక్కు మనకి ఉంది, దాన్ని వదులుకోవద్దు. కానీ దానికి ఒడియా ప్రతి ఒకటి కుట్టి ఇవ్వండి. తర్జుమా కోసమని గుమాస్తా పక్కన పెట్టే అవకాశం ఇవ్వకండి.

అర్జీ సోమవారం నాడు కలెక్టరు, ఎస్పీ కలిసి జరిపే ఉమ్మడి ఫిర్యాదుల విచారణలో ఇస్తే నమోదు సంఖ్య వస్తుంది. రాష్ట్ర ప్రభుత్వ ఫిర్యాదుల వెబ్‌సైటు జనశుణాణి పోర్టల్లో ఆ సంఖ్యతో ఎక్కడ ఉందో చూసుకోవచ్చు. కూడలి విషయానికి ఆ వేదికే సరైనది. ఆటో స్టాండు మార్చడానికి పోలీసు, గీతలకి మున్సిపాలిటీ, తారుకి ఆర్ అండ్ బి, అందరూ ఒకే గదిలో దొరుకుతారు.

తారు రోడ్డు

పై ఇద్దరూ పని తెప్పించే దారి చెప్పారు. వచ్చే పని సరిగ్గా ఉండాలన్నది నా బాధ. మూడేళ్ళు ఎదురుచూసి ఒక రాత్రిలో ఒక తప్పుడు గడ్డ వేయించుకుంటే అది ఇంకో పదేళ్ళు నడుములు విరుస్తుంది.

ఐఆర్‌సీ 99 పాత ప్రమాణం ప్రకారం గుండ్రటి స్పీడ్ బ్రేకరు అడ్డం కొలత, అంటే బండి వెళ్ళే దిశలో, 3.7 మీటర్లు. మధ్యలో ఎత్తు 10 సెంటీమీటర్లు. 17 మీటర్ల వ్యాసార్ధం ఉన్న వంపు అది. గంటకి 25 కిలోమీటర్ల వేగంతో సాఫీగా దాటేలా లెక్కవేసింది. మన వీధుల్లో కనిపించేది ఒక మీటరు అడ్డంలో 15 సెంటీమీటర్ల గడ్డ. దాని మీద స్కూటరు అడుగు తగులుతుంది, ఆటో వెనక చక్రాలు ఎగిరి పడతాయి, అంబులెన్సులో ఉన్న గర్భిణికి అది నరకం.

అలా ఎందుకు అవుతుందో తెలుసా? సరైన బ్రేకరుకి మిక్సు ఎక్కువ పడుతుంది. మీ సంత రోడ్డు 5.5 మీటర్లే తీసుకోండి. ఆ వంపు కోత వైశాల్యం సుమారు 0.25 చదరపు మీటర్లు. రోడ్డు వెడల్పుతో గుణిస్తే దాదాపు 1.36 ఘనపు మీటర్లు, బరువులో 3 టన్నులకి పైనే. పక్క వీధి తారు పనిలో మిగిలిన రెండు తట్టల మిక్సుతో వేస్తే గడ్డే వస్తుంది, బ్రేకరు రాదు. అందుకే ఎస్టిమేటులో "స్పీడ్ బ్రేకరు: 2" అని సంఖ్య మాత్రమే ఉంటే ఒప్పుకోకండి. కొలతలు, ఘనపు మీటర్లు రాసి ఉండాలి, చెక్క టెంప్లేటుతో వంపు తీయాలని ఉండాలి.

దానికి 40 మీటర్ల ముందు హెచ్చరిక బోర్డు. బ్రేకరు మీద నలుపు తెలుపు పట్టీలు. వరుసగా వేస్తే ఒకదానికీ ఇంకోదానికీ 100 నుంచి 120 మీటర్లు. రెండు చివర్లా వంపుని తగ్గించి కాలవ వైపు నీళ్ళకి దారి వదలాలి, లేకపోతే మొదటి వానకే అక్కడ మడుగు కట్టి తారు లేచిపోతుంది. మీ మెయిన్ రోడ్డు జాతీయ రహదారి అయితే మాత్రం దాని మీద స్పీడ్ బ్రేకరు అడగకండి, కేంద్రం విధానమే అందుకు ఒప్పుకోదు. బోర్డులు, బండి అదిరేలా అడ్డంగా వేసే రంబుల్ పట్టీలు అడగండి. బ్రేకరు సంత రోడ్డు వైపు, కూడలికి చేరే ముందు వేయించండి.

జీబ్రా సంగతి. 7 మీటర్ల రోడ్డుకి అర మీటరు పట్టీ, అర మీటరు ఖాళీ లెక్కన 7 పట్టీలు. దాటే దారి 3 మీటర్ల వెడల్పు ఉంచితే రంగు పడేది పదిన్నర చదరపు మీటర్లు. థర్మోప్లాస్టిక్ రంగు 2.5 మిల్లీమీటర్ల మందాన వేస్తే 50–55 కిలోల సరుకు, పైన చదరపు మీటరుకి 250 గ్రాముల గాజు పూసలు. పూసలు లేకపోతే రాత్రి లైట్లకి గీత మెరవదు. మామూలు పెయింటు డబ్బాతో వేసింది కొన్ని నెలలకే చెరిగిపోతుంది. వేడి రంగు తడి తారుకి అంటదు, కాబట్టి జూన్ నుంచి సెప్టెంబరు దాకా ఈ పని జరగదన్నది నిజమే. మే నెలాఖరులో వర్క్ ఆర్డరు వచ్చిందంటే గీతలు దసరాకే. అందుకని ఆ ఆర్డరు ఫిబ్రవరిలోపు రావాలని పట్టుబట్టండి.

గీతలు ఎక్కడ మొదలై ఎక్కడ దిగుతున్నాయో చూడండి. ఒక చివర మూత లేని కాలవలోకి దిగే జీబ్రాలు చూస్తే కడుపు మండుతుంది. రెండు చివర్లా కాలవ మీద పలక, గట్టు ఉంటే వాలుగా కోత, ఇవి కూడా ఎస్టిమేటులో రాయించాలి.

మహేంద్రగిరి

ముందు ఏది చేయించుకోవచ్చు అన్నారు కదా. ఏటంటే, టెండరు అక్కర్లేనివి రెండు ఉన్నాయి, వాటితోనే సగం ప్రమాదం తగ్గుతుంది.

ఒకటి ఆటో స్టాండు. మోటారు వాహనాల చట్టం, 1988 సెక్షను 117 కింద బళ్ళు ఆగే చోట్లు, ఎక్కించుకునే చోట్లు నిర్ణయించేది రాష్ట్ర ప్రభుత్వం గానీ అది అధికారమిచ్చిన సంస్థ గానీ, స్థానిక సంస్థతో సంప్రదించి. దీనికి సిమెంటు అక్కర్లేదు, ఉత్తర్వు చాలు. కానీ "ఇక్కడి నుంచి తీసేయండి" అని అడిగితే ఆటోవాళ్ళు అడ్డం పడతారు, వాళ్ళదీ పొట్ట తిప్పలే. కూడలి నుంచి 30–40 మీటర్ల అవతల, బస్సు దిగేవాళ్ళకి కనపడే చోటు కొలిచి, ఎన్ని ఆటోలు పడతాయో లెక్కవేసి, వాళ్ళ సంఘం సంతకంతో కలిపి అర్జీ ఇవ్వండి. నిలబడిన ఆటోకి సుమారు 3 మీటర్ల పొడవు చొప్పున చూసుకోండి. మూల ఖాళీ అయితే బస్సు డ్రైవరుకి పిల్లలు కనపడతారు. మీ కూడలికి ఇంతకంటే పెద్ద మేలు ఏదీ లేదు.

రెండోది బోర్డులు, గీతలు. వీటిని కొత్త పనిగా కాకుండా నిర్వహణ పద్దు కింద చేయమని అడగండి. పెద్ద పనిని ముక్కలు చేసి టెండరు తప్పించుకోమని మాత్రం ఎప్పుడూ రాయకండి. ఆడిటు అభ్యంతరం వస్తుందని ఇంజనీరు భయపడి మొత్తం ఆపేస్తాడు, ఆ భయంలో న్యాయం ఉంది.

స్తంభం మార్చడం డిపాజిట్ పని. మున్సిపాలిటీ రాయాలి, విద్యుత్ సంస్థ ఎస్టిమేటు ఇవ్వాలి, మున్సిపాలిటీ ఆ డబ్బు కట్టాలి, అప్పుడు లైను ఆపి స్తంభం మారుస్తారు. ఎస్టిమేటు వచ్చాక డబ్బు కట్టకపోవడమే ఎక్కువగా జరిగేది. స్తంభం సంగతి తేల్చకుండా ఫుట్‌పాత్ మొదలుపెడితే కాంట్రాక్టరు దాని చుట్టూ సిమెంటు పోసి వెళ్ళిపోతాడు. ఐఆర్‌సీ 103 అడిగేది అడ్డం లేని 1.8 మీటర్ల నడక దారి, తల మీద 2.2 మీటర్ల ఖాళీ. ఆ వైపు అంత చోటు లేకపోతే ఎదురు వైపు కొలిచి చూడండి.

సంతవాళ్ళ మీదకి జేసీబీ పంపించమని అడగకండి. వీధి వ్యాపారుల చట్టం, 2014 ప్రకారం వ్యాపారుల సర్వే పూర్తయ్యే దాకా వాళ్ళని ఖాళీ చేయించకూడదు, తరవాత మార్చాలన్నా 30 రోజుల నోటీసు ఇవ్వాలి. ఆ చట్టం కింద ఊరి వీధి వ్యాపార విషయాలు చూసే టౌన్ వెండింగ్ కమిటీలో వాళ్ళ ప్రతినిధులు 40 శాతానికి తగ్గకుండా ఉండాలి. గురువారం ఒక్కపూట బుట్టలు మీటరు వెనక్కి జరిగేలా తెల్ల గీత కొట్టడం ఆ కమిటీలో మాట్లాడుకుంటే అయ్యే పని.

ఇక లెక్క. మీ అర్జీకి బలం అదే. మూడు దారుల కూడలిలో బళ్ళు తిరిగే దారులు ఆరు. ముగ్గురు కూర్చుని ఒక్కొక్కరు రెండు దారులు, నాలుగో మనిషి రోడ్డు దాటేవాళ్ళని లెక్కపెట్టాలి. పొద్దున్న 8 నుంచి 11, సాయంత్రం నాలుగున్నర నుంచి ఏడున్నర, పావుగంటకో వరుస. ఒక గురువారం, ఒక మామూలు రోజు. జీబ్రాకి ఐఆర్‌సీ 103 పాత సూత్రాల్లో ఒకటి: రద్దీ గంటలో దాటే మనుషుల సంఖ్యని, రెండు వైపుల వాహనాల సంఖ్య వర్గంతో గుణిస్తే, మధ్యలో డివైడరు లేని రోడ్డుకి 10 కోట్లు దాటాలి. 200 మంది, 750 బళ్ళు అయితే 11.25 కోట్లు, దాటింది. అదే 700 బళ్ళయితే 9.8 కోట్లు, దాటలేదు. బళ్ళ సంఖ్య వర్గం అవుతుంది కాబట్టి అక్కడ తప్పు జరిగితే మొత్తం లెక్క తప్పుతుంది. సైకిళ్ళకీ లారీలకీ వేరే గుణకాలు వేసే పద్ధతి రోడ్డు సామర్థ్యానికి సంబంధించింది, దాన్ని ఇందులో కలపకండి.

వంతెన వీధి

అందరికీ చేతులెత్తి నమస్కారం. రోడ్ల రిజిస్టరు పేజీకి, నోట్ షీట్లకి కలిపి ఒకే ఫారం ఏ వేస్తాం. వచ్చే గురువారం లెక్కకి నలుగురు సిద్ధమయ్యారు. రెండు సందేహాలు. ఇది బ్లాక్ స్పాట్ అని రాయవచ్చా? బ్రేకరు వేశాక 3.7 మీటర్లు, 10 సెంటీమీటర్లు సరిగ్గా వచ్చిందో లేదో మేమే ఎలా కొలవాలి?

కొలతల పుస్తకం

బ్లాక్ స్పాట్ అని రాయకండి. జాతీయ రహదారి మీద సుమారు 500 మీటర్ల ముక్కలో మూడేళ్ళలో మరణమో తీవ్ర గాయమో అయిన 5 ప్రమాదాలు, లేదా 10 మరణాలు ఉంటే ఆ పేరు. ఆ సంఖ్య లేకుండా రాస్తే మొత్తం అర్జీ తేలిపోతుంది. కలెక్టరు అధ్యక్షతన జిల్లా రోడ్డు భద్రతా కమిటీ ఉంటుంది. ఈ కూడలిని దాని ఎజెండాలో పెట్టమని, మీ లెక్క కాగితం జతచేసి అడగండి. ఎన్నికల నియమావళి వస్తే కొత్త వర్క్ ఆర్డర్లు ఆగుతాయి, నేల మీద మొదలైన పని మాత్రం సాగుతుంది. ఒడిశాలో పట్టణ సంస్థల ఎన్నికలు 2022 మార్చిలో జరిగాయి, అయిదేళ్ళ లెక్క చూసుకుని ముందే తొందరపెట్టండి.

కొలవడానికి నూలు తాడు, నీటిమట్టం, స్కేలు చాలు. బ్రేకరు నడినెత్తి మీద తాడు ఆనించి, రోడ్డు పొడుగునా రెండు వైపులకీ మట్టంగా లాగి పట్టుకోండి. నడినెత్తి నుంచి 1.85 మీటర్ల దగ్గర తాడుకీ రోడ్డుకీ మధ్య 10 సెంటీమీటర్లు ఉండాలి. అందులో సగం దూరం, 92 సెంటీమీటర్ల దగ్గర, రెండున్నర సెంటీమీటర్లు. అక్కడ అయిదో ఆరో వస్తే వంపు లేకుండా గడ్డ పోశారని అర్థం. ఎడమ అంచు, మధ్య, కుడి అంచు, మూడు చోట్లా కొలిచి ఫొటో తీయండి. కొలతలు పుస్తకంలోకి ఎక్కి బిల్లు అయ్యేలోపు, అంటే పని అయిన రెండు మూడు రోజుల్లోనే, ఆ కాగితం మున్సిపల్ ఇంజనీరుకి ఇచ్చి రసీదు తీసుకోండి. బిల్లు అయిపోయాక కూడా సరిచేయించవచ్చు, ఒప్పందంలో లోపాల బాధ్యతా కాలం, అంటే కాంట్రాక్టరు తన ఖర్చుతో సరిచేయవలసిన గడువు, ఎన్ని నెలలో చూసి ఆ లోపు రాయాలి. ఆ ఒప్పందం నకలు ఎలాగూ మీ ఫారం ఏలో అడుగుతున్నారు.